రేస్ ట్రాక్ మీద మొదటి రోజు: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: "అన్నయ్యా, నమస్తే. మాది ఖమ్మం. పదకొండేళ్ల క్రితం అమెరికా వచ్చాను, ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నిరుడు చిన్నప్పటి కోరిక ఒకటి తీర్చుకున్నాను. 2018 మోడల్ పోర్షే 718 కేమన్, సెకండ్ హ్యాండ్‌లో, లోన్ మీద తీసుకున్నాను. పోర్షే క్లబ్‌లో కూడా చేరాను. మా రీజియన్ (స్థానిక శాఖ) వాళ్లు మిల్‌విల్ దగ్గరున్న రేస్ ట్రాక్ మీద రెండు రోజుల డ్రైవర్ ఎడ్యుకేషన్ పెడుతున్నారు, రమ్మంటున్నారు. వెళ్లాలని ప్రాణం లాగుతోంది. మా ఆవిడ మాత్రం 'ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఈ రేసులేంటి?' అని నాలుగు రోజులుగా ముభావంగా ఉంటోంది. నాన్నగారైతే ఫోన్లో 'అంత డబ్బు పోసి కొన్నది తగలేయడానికా?' అన్నారు. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. అక్కడికి వచ్చేవాళ్లంతా ఏళ్ల తరబడి నడుపుతున్నవాళ్లు, నేను నెమ్మదిగా పోతే నవ్వుతారేమో. ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? కారుకి ఏమేం చేయించాలి? హైదరాబాద్‌లో మా ఫ్రెండ్స్ ఓఆర్ఆర్ మీద 180లో పోయి వీడియోలు పంపిస్తుంటారు, 'దానికి క్లబ్బెందుకురా' అంటున్నారు. వెళ్లమంటారా, వద్దంటారా?"

జవాబు:

తమ్ముడూ,

వెళ్లండి. అయితే డబ్బు కట్టే ముందు ఇన్సూరెన్స్ లెక్క తేల్చుకోండి, బయల్దేరే ముందు బ్రేక్ ఆయిల్ మీ కళ్లముందు మార్పించండి. ఈ రెండిట్లో ఏది కుదరకపోయినా ఈసారికి మానుకోండి, ట్రాక్ ఎక్కడికీ పోదు. మిగతావన్నీ సర్దుకునేవే.

ముందు మీ ఆవిడ అన్న మాట దగ్గరికి వస్తాను. ఆవిడ భయంలో సగం ఆ 'రేసు' అన్న ముక్కలోనే ఉంది. మీరు వెళ్తున్నది రేసుకి కాదని ఆవిడకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు. డ్రైవర్ ఎడ్యుకేషన్‌లో టైమింగ్ ఉండదు, ఎవరు ముందొచ్చారన్న లెక్క ఉండదు, కప్పులు ఉండవు. మీలాంటి కొత్తవాళ్లతో పక్కసీట్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. ముందున్న కారుని దాటాలంటే ముందే చెప్పిన చోట్లలోనే దాటాలి, అది కూడా ముందున్న డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి ఈ పక్కనుంచి వెళ్లమని చూపిస్తేనే. చెయ్యి చూపించకపోతే వెనకాలే ఉండాలి, ఎంత ఖరీదైన కారైనా సరే. ఎదురుగా వచ్చే కారుండదు, అడ్డంగా వచ్చే స్కూటరుండదు, ఫోన్ చూసుకుంటూ రోడ్డు దాటే మనిషుండడు. మలుపు మలుపుకీ జెండాలు పట్టుకుని మనుషులుంటారు. అంబులెన్సు సిద్ధంగా నిలబడి ఉంటుంది.

అలాగని ప్రమాదమే లేదని ఆవిడతో చెప్పకండి. అది అబద్ధం. కార్లు గడ్డిలోకి పోతాయి, అప్పుడప్పుడూ గోడకి తగులుతాయి, అరుదుగా మనుషులకి దెబ్బలూ తగులుతాయి. ఉన్నది ఉన్నట్టు చెప్తేనే ఆవిడ మీ తర్వాతి మాట నమ్ముతారు.

మీ ఫ్రెండ్స్ సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తాను. ఓఆర్ఆర్ 158 కిలోమీటర్ల మంచి రోడ్డే. దాని మీద 180లో పోయేవాడికి ముందు లారీ టైరు ముక్క పడి ఉందని జెండా ఊపి చెప్పేవాళ్లు ఎవరున్నారు? మామూలు రోడ్డు మీద వేగంతో ఆడుకోవడం ఎక్కడికి దారితీస్తుందో అమెరికా వాళ్లు చాలా ఖరీదు చెల్లించి తెలుసుకున్నారు. న్యూయార్క్ రాష్ట్రంలో వాట్‌కిన్స్ గ్లెన్ అనే చిన్న ఊళ్లో 1948లో ఊరి వీధుల్లోనే స్పోర్ట్స్ కార్ల పందేలు మొదలుపెట్టారు. 1952లో చూడటానికి వచ్చిన ఏడేళ్ల పిల్లవాడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పందేలని ఊరి వీధుల్లోంచి తప్పించారు, 1956 నాటికి విడిగా ట్రాకే కట్టారు. ఇవాళ మన క్లబ్బుల వాళ్లు డ్రైవర్ ఎడ్యుకేషన్ పెట్టుకునే ట్రాకుల్లో అదొకటి. మీ ఫ్రెండ్స్ పంపే వీడియో మళ్లీ వస్తే ఆ పిల్లవాడి సంగతి చెప్పండి. మొహమాటం వద్దు.

క్లబ్బు గురించి రెండు మాటలు. పోర్షే క్లబ్ ఆఫ్ అమెరికా 1955లో వాషింగ్టన్ దగ్గర బిల్ షోలర్ అనే ఆయన పూనికతో మొదలైంది. ఇప్పుడు అమెరికా, కెనడాల్లో కలిపి 140కి పైగా రీజియన్లున్నాయి, ఒక్క న్యూజెర్సీలోనే ఒకటికి మించి ఉన్నాయి. ఈవెంట్లు నడిపేది ఆ రీజియన్లలోని మామూలు సభ్యులే. పొద్దున గేటు దగ్గర మీ పేరు టిక్కు పెట్టే ఆయన వారమంతా పళ్ల డాక్టరో, అకౌంటెంటో అయ్యుంటారు. ఇన్‌స్ట్రక్టర్లు కూడా అంతే, శిక్షణ తీసుకుని తమ తీరిక సమయంలో మీ పక్కన కూర్చుంటారు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, ఎందుకంటే మీ రెండో భయానికి మందు ఇందులోనే ఉంది.

నెమ్మదిగా పోతే నవ్వుతారేమో అన్నారు కదా. గ్రూపుల్ని నైపుణ్యాన్ని బట్టి విడదీస్తారు, మీరుండేది కొత్తవాళ్ల గ్రూపులో. అక్కడ అందరూ మీలాంటివాళ్లే. నెమ్మదిగా పోయేవాడిని చూసి ఎవరైనా నవ్వడం నేనింతవరకూ చూడలేదు. చిరాకు పడటం మాత్రం చూశాను, అది ఎవరి మీదంటే దారివ్వనివాడి మీద. అద్దంలో వెనక కారు పెద్దదవుతూ ఉంటుంది, దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. ముందున్నాయన స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) రాగానే యాక్సిలరేటర్ బలంగా తొక్కేస్తాడు, మలుపులో మళ్లీ అందరికీ అడ్డంగా ఉంటాడు. అలా చెయ్యకండి. వెనక కారు దగ్గరికొచ్చిందంటే మీకంటే అది వేగంగా ఉన్నట్టే లెక్క. దాటే చోటు రాగానే చెయ్యి స్పష్టంగా చూపించండి, ఒక్కో కారుకి ఒక్కోసారి. చూపించాక యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేయండి. కేమన్‌లో ఉన్నది 300 హార్స్‌పవర్, వెనకున్నది పాత మియాటా (మాజ్డా వాళ్ల చిన్న స్పోర్ట్స్ కారు) అనుకోండి, మీరు వదలకపోతే మలుపుల్లో మిమ్మల్ని అందుకున్నవాడు స్ట్రెయిట్‌లో మిమ్మల్ని దాటలేడు. మొదటి రోజు అడిగిన ప్రతివాడికీ దారిచ్చిన మనిషిని సాయంత్రం నలుగురు వచ్చి పలకరిస్తారు. నన్ను అలాగే పలకరించారు, అక్కడ నాకు దొరికిన స్నేహాలన్నీ అలా మొదలైనవే.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ నాన్నగారి మాటని తేలిగ్గా తీసుకోకండి, ఆయన అడిగింది సరైన ప్రశ్నే. అమెరికాలో మామూలు కారు పాలసీలు చాలావాటిలో రేస్ ట్రాక్ మీద జరిగిన నష్టానికి డబ్బులివ్వం అని రాసి ఉంటుంది. కొన్నిటిలో పోటీలనే మినహాయిస్తారు, కొన్నిటిలో డ్రైవింగ్ స్కూళ్లని, ప్రాక్టీసుని కూడా కలిపి మినహాయిస్తారు. ఏజెంటు ఫోన్లో 'పర్లేదులెండి' అంటే నమ్మొద్దు. పాలసీ కాగితం తీసి 'మినహాయింపులు' అన్న భాగం మీరే చదవండి. మీ లైఫ్ ఇన్సూరెన్స్ కాగితం కూడా పనిలో పనిగా చూడండి. ఇద్దరు పిల్లలున్నారు కాబట్టి నా దృష్టిలో అదే ముందు చదవాల్సింది.

ట్రాక్ రోజులకని విడిగా, ఈవెంటుకింతని ఇన్సూరెన్స్ దొరుకుతుంది. కారు విలువ ఎంతో ముందే ఒప్పుకుని దాన్ని బట్టి ప్రీమియం కట్టించుకుంటారు. నష్టం జరిగితే ముందు మీరు భరించాల్సిన భాగం కొంత ఉంటుంది, తరచుగా అది కారు విలువలో ఇంత శాతమని ఉంటుంది. ఆ మొత్తం ఎంతో లెక్కవేసి కాగితం మీద రాసుకోండి. దానికింద మిగిలిన లోన్ ఎంతో రాయండి. ట్రాక్ వాళ్ల రెయిలింగుకి తగిలితే దాని రిపేరు ఖర్చు కూడా మీ మీద పడొచ్చు, అదీ గుర్తుంచుకోండి. ఇంకా కంపెనీ వారంటీ గానీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ గానీ నడుస్తుంటే ట్రాక్ వాడకం గురించి అందులో ఏం రాశారో చూడండి. ఆ కాగితం మీ ఆవిడ ముందు పెట్టండి. ఆ అంకెలు చూసి మీ ఇద్దరికీ రాత్రి నిద్ర పడుతుందనుకుంటే వెళ్లండి.

నిద్ర పట్టదనుకుంటే మీకు ఇంకో దారి ఉంది, నిజానికి చాలామందికి మొదటి మెట్టుగా నేను చెప్పేది అదే: ఆటోక్రాస్. పెద్ద పార్కింగ్ స్థలంలో నారింజ రంగు కోన్లు పెట్టి మలుపుల దారి గీస్తారు. ఒక్కొక్క కారుని విడివిడిగా వదులుతారు. ఒక రౌండు నిమిషం అటూ ఇటూ. వేగం హైవే మీద కంటే తక్కువే, కోన్లు తప్ప తగలడానికి ఏమీ ఉండదు. టైము కొలుస్తారు, కోన్ పడితే ఆ టైముకి కొన్ని సెకన్లు కలుపుతారు. పొద్దున్నే ఆ దారిలో నడిచి చూడనిస్తారు, తప్పకుండా రెండుసార్లు నడవండి. మీ వంతు అయ్యాక ఎండలో నిలబడి పడిన కోన్లు ఎత్తిపెట్టే పని కూడా మీదే. అందరూ చేస్తారు. ఆ పని చేస్తున్నప్పుడు పదడుగుల దూరంలోంచి ఇతరుల కార్లు ఎక్కడ జారుతున్నాయో చూస్తారు కదా, అదే సగం పాఠం. పిల్లల్ని తీసుకెళ్లడానికి కూడా ఇది బాగుంటుంది.

ట్రాక్‌కే వెళ్తున్నారనుకుని కారు సంగతి చెప్తాను. అందరూ ఇంజిను, టైర్లు, సస్పెన్షన్ అంటారు. నేను బ్రేకులు అంటాను. ఎందుకో నా సొంత అనుభవం చెప్తే అర్థమవుతుంది.

నా మూడో ఈవెంటు, జూలై నెల. ముందు వారం ఒక షాపులో కారిచ్చాను. తనిఖీ ఫారం మీద అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టి, బ్రేక్ ఆయిల్ మార్చామని చెప్పి, బిల్లు కూడా ఇచ్చారు. పొద్దున రెండు సెషన్లు బాగానే అయ్యాయి. మధ్యాహ్నం, ఎండ మాడిపోతోంది, ఒక పొడుగాటి స్ట్రెయిట్ చివర బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగా తగలాల్సిన చోట మెత్తని దిండులో కాలు దిగినట్టు దిగిపోయింది. కారు ఆగలేదు. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ కేకలెయ్యలేదు, 'పంప్, పంప్, స్టీరింగ్ తిన్నగా' అన్నారంతే. నాలుగుసార్లు గబగబా తొక్కితే కొంత పట్టు వచ్చింది. మలుపు తిరిగే వేగం లేదు కాబట్టి తిప్పలేదు, తిన్నగా గడ్డిలోకి పోయి ఆగాను. కారుకి గీత కూడా పడలేదు. నా కాళ్లు మాత్రం పావుగంట వణికాయి. సాయంత్రం పాడక్‌లో, అంటే కార్లు నిలుపుకునే చోట, ఒక పెద్దాయన జాలిపడి చక్రం విప్పి, బ్లీడర్ అనే చిన్న మర తిప్పి చూపించారు. సీసాలోకి కారిన ఆయిల్ చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. కొత్తదైతే లేత తేనె రంగులో ఉండాలి. అంటే దాన్ని మార్చనే లేదు.

అసలు జరిగిందేమిటంటే, బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరాక అదే 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే పోతుంది. రోడ్డు మీద ఇది ఎందుకు తెలియదంటే, వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. టర్న్‌పైక్ హైవే మీద 60 మైళ్ల వేగం నుంచి పది నిమిషాలకోసారి ఆపడం వేరు, ట్రాక్ మీద 120 నుంచి ప్రతి ల్యాపులోనూ (చుట్టులోనూ) తగ్గించడం వేరు.

కాబట్టి మంచి డాట్ 4 ఆయిల్, ఎక్కువ వేడికి తట్టుకునేది కొని, నాలుగు చక్రాల దగ్గరా కొత్త రంగు కారేదాకా పక్కనే నిలబడి చూడండి. 'కస్టమర్లు లోపలికి రాకూడదు' అంటే ఇంకో షాపుకి పోండి. బ్రేక్ ప్యాడ్లు సగానికి మించి అరిగి ఉంటే కొత్తవి వేయించండి. మొదటి ఈవెంటుకి మంచి స్థితిలో ఉన్న కంపెనీ ప్యాడ్లే చాలు. చక్రాల బోల్టులు మీ కారుకి 160 న్యూటన్ మీటర్లు, అంటే 118 ఫుట్ పౌండ్లు బిగించాలి. టార్క్ రెంచి ఒకటి సొంతంగా కొనుక్కోండి, ట్రాక్ దగ్గర పొద్దునా మధ్యాహ్నం చూసుకోవాలి. టైర్లలో గాలి ఒక్క సెషన్‌లోనే ఆరేడు పీఎస్ఐ పెరగొచ్చు, బయటికి రాగానే వేడి మీదే కొలిచి తగ్గించండి, సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోండి.

హెల్మెట్ విషయంలో ఒక్క మాట. స్నెల్ సంస్థ ఎస్ఏ ముద్ర ఉన్న కారు హెల్మెట్ కావాలి. మోటార్‌సైకిల్ హెల్మెట్ చవగ్గా వస్తుందని కొనకండి, దాని లోపలి గుడ్డకి మంటని తట్టుకునే గుణం ఉండాలన్న నియమం లేదు. ఏ సంవత్సరం ముద్ర దాకా ఒప్పుకుంటారో మీ రీజియన్‌ని అడిగి అప్పుడు కొనండి. చాలా చోట్ల కొత్తవాళ్లకి అద్దెకో, అరువుకో ఇస్తారు, మొదటిసారికి అదే తెలివైన పని. బట్టలు నూలువి, పూర్తి ప్యాంటు, పలచటి అడుగున్న బూట్లు.

ముందు రోజు రాత్రి కారులోంచి ప్రతి వస్తువూ తీసేయండి. సీట్ల మధ్య దొర్లే బిస్కెట్ ముక్కల దాకా అన్నీ. మీది రెండు సీట్ల కారే అయినా ముందు డిక్కీ, వెనక డిక్కీ, డోర్ అరలు ఉన్నాయి కదా. కాళ్ల కింది మ్యాట్లు తప్పకుండా తీయండి. బ్రేకు కిందికి దొర్లిన ఒక్క నీళ్ల సీసా చాలు.

తిండి నీళ్లు ముఖ్యం. మిల్‌విల్‌లో న్యూజెర్సీ మోటార్‌స్పోర్ట్స్ పార్కు 2008లో తెరిచారు. అందులో థండర్‌బోల్ట్ అని 2.25 మైళ్లది, లైట్నింగ్ అని 1.9 మైళ్లది రెండు ట్రాకులున్నాయి. ఎండాకాలం అక్కడ నీడ కోసం వెతుక్కోవాలి. మడత కుర్చీ, గొడుగు, చాలా నీళ్లు పట్టుకెళ్లండి. మధ్యాహ్నానికి కొంచెం పెరుగన్నం తినండి, పులిహోర సాయంత్రానికి ఉంచుకోండి. కడుపు నిండా తిని మలుపులు తిరిగితే మీ ఇన్‌స్ట్రక్టర్ కంటే ముందు మీరే ఆపమంటారు.

పొద్దున డ్రైవర్ల మీటింగు ఉంటుంది. అది తప్పితే ట్రాక్ ఎక్కనివ్వరు. అక్కడ జెండాల గురించి చెప్పింది నోటికి వచ్చేలా వినండి. పసుపు ఊపితే ముందేదో ఉంది, తగ్గు, దాటకు. ఎరుపైతే అద్దంలో చూసుకుంటూ నిదానంగా వేగం తగ్గించి ట్రాక్ పక్కన ఆగు. నలుపు చూపిస్తే లోపలికి రా, మాట్లాడాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే రోడ్డు మీద ఆయిలో, మట్టో పడింది. నీలం మీద పసుపు చారుంటే వెనకవాడికి దారివ్వు. మొదటి ల్యాపులో మలుపుల కంటే ముందు జెండా మనుషులు ఎక్కడెక్కడ నిలబడ్డారో వెతకండి, మీ ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్కొక్కరినీ చూపించమనండి.

ఆ తర్వాత మీకు వచ్చే మొదటి పాఠం కళ్ల గురించే. మన ఊళ్లలో డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లం బానెట్ ముందు పదిగజాలు చూస్తూ నడుపుతాం, ఎందుకంటే అక్కడ గేదె ఉండొచ్చు. ట్రాక్ మీద అలా చూస్తే అన్నీ మీద పడుతున్నట్టే ఉంటుంది. ఈ మలుపులోకి దిగుతుండగానే చూపు మలుపు చివరికి పోవాలి, అక్కడికి చేరేసరికి తర్వాతి మలుపుకి పోవాలి. మెడ తిప్పి చూడాలి, పక్క కిటికీలోంచి చూడాల్సి వచ్చినా సరే. చూపు ఎటుంటే చేతులు అటే పోతాయి. గడ్డి వైపు చూశారా, గడ్డిలోకే పోతారు.

బ్రేకు మలుపుకి ముందే, తిన్నగా ఉన్నప్పుడే తొక్కేయాలి. మలుపు మధ్యలో భయమేసి యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీయకండి. బరువు ముందుకి దూకుతుంది, వెనక చక్రాలు తేలికై కారు గిర్రున తిరుగుతుంది. మీది ఇంజిను మధ్యలో ఉన్న కారు, తిరగడం మొదలైతే చాలా వేగంగా తిరుగుతుంది. అప్పటికీ తిరిగిపోతే స్టీరింగుతో పోట్లాడకుండా బ్రేకు బలంగా తొక్కి పట్టండి, మాన్యువల్ అయితే క్లచ్చి కూడా, ఆగేదాకా వదలొద్దు. రెండు చక్రాలు గడ్డిలోకి దిగితే కారుని ఒక్క లాగు లాగి రోడ్డెక్కించకండి. పెద్ద ప్రమాదాలు ఆ లాగుడులోనే జరుగుతాయి. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గాక మెల్లగా ఎక్కండి.

సెషన్ చివర గళ్ల జెండా చూశాక ఉండే ల్యాపుని బ్రేకులు పెద్దగా వాడకుండా నడపండి, అవి చల్లారాలి. పాడక్‌లో ఆగాక పార్కింగ్ బ్రేక్ వేయకండి, అప్పటికి బ్రేకులు మండుతుంటాయి. చక్రానికి ఒక చెక్క అడ్డం పెట్టండి. మీ కారులో ఇంజిను ఆపగానే ఆ బ్రేకు దానంతటదే పడేలా సెట్టింగు ఉంటే ముందే మాన్యువల్ చూసి తీసేయడం నేర్చుకోండి.

రెండో రోజు మధ్యాహ్నం మీద ఒక హెచ్చరిక. అప్పటికి మీకు దారి తెలిసిపోయి, ధైర్యం వచ్చి, ఒళ్లు అలిసి ఉంటుంది. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ ఆ చివరి సెషన్‌లో జరిగినవే. దాహం వేస్తున్నా, రెండు మలుపులు వరసగా తప్పినా ఆ సెషన్ వదిలేసి కారు సర్దుకోండి. ఇన్‌స్ట్రక్టర్లు కూడా అలా వదిలేస్తుంటారు.

ఇక మరదలి దగ్గరికి. క్లబ్బులో మీ సభ్యత్వం మీదే ఇంట్లో ఇంకొకరిని అదనపు డబ్బు కట్టకుండా చేర్చొచ్చు. ఆవిడ పేరు చేర్పించండి. ఈ ఈవెంటుకి కాకపోయినా, ఆటోక్రాస్‌కి ఆవిడనే స్టీరింగ్ ముందు కూర్చోనివ్వండి, పక్కన ఇన్‌స్ట్రక్టర్, మీరు బయట పిల్లల్ని ఎత్తుకుని. ఖాళీ స్థలంలో ఒక్కసారి బ్రేకు పూర్తి బలంతో తొక్కి ఏబీఎస్ కాలికింద గరగరమనడం తెలిసిన మనిషికి ఈ పనిమీద వేరే అభిప్రాయం ఏర్పడుతుంది. అనుకూలంగానే ఏర్పడాలని లేదు. ఆ తర్వాత కూడా వద్దంటే ఆ మాటకి బరువుంది, ఈ ఏడాదికి ఆటోక్రాస్‌తో ఆగండి. మీ పిల్లలు పదహారుకి వచ్చేసరికి ఆ నేర్చుకున్నది వాళ్లకి నేర్పేది మీరిద్దరే కదా.

మిల్‌విల్ నుంచి ఎడిసన్‌కి గంటన్నర పైనే దారి. రెండు రోజులు ట్రాక్ మీద తిరిగాక హైవే మీద 65 మైళ్ల వేగంలో కూడా కారు నిలబడిపోయినట్టే ఉంటుంది, తెలియకుండానే కాలు కిందికి పోతుంది. ఆదివారం సాయంత్రం మీ ఆవిడ చూడటానికి వచ్చి ఉంటే, తాళాలు ఆవిడకే ఇవ్వండి.